మిథ్యాయంత్రానికి తాళం



తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారికి 'మిథ్యా ప్రతిబింబం' అనే మాట గుర్తుండే ఉంటుంది. అద్దంలో కనిపించే మన ముఖం అటువంటిది. దానిని తెరమీద పట్టలేము. అయినా దానిని చూసుకునే బొట్టు దిద్దుకుంటాము, గడ్డం గీసుకుంటాము. ఆంగ్లంలోని 'వర్చువల్' అనే మాటకు ఆ పాఠ్యపుస్తకాలవారు 'మిథ్య' అని పెట్టారు. వేదాంతులు ఏమంటారో గాని, నాకు ఇంతకంటె తగిన మాట తోచదు. మిథ్య అంటే అబద్ధం కాదు. ఉన్నదని తేల్చలేనిది, లేదని తోసిపుచ్చలేనిది, వ్యవహారానికి మాత్రం పూర్తిగా అక్కరకు వచ్చేది. ఒక కంప్యూటరు లోపల మరొక కంప్యూటరు ఉన్నట్లు భాసింపజేసే విద్యకు వర్చువలైజేషన్ అని పేరు. ఆ లోపలి కంప్యూటరును ఈ టపాలో మిథ్యాయంత్రం అంటాను.

ఒక తెలుగు పండితుడు ఈ విద్య జోలికి పోవడానికి కారణం ఒక పదకోశం. నాతో కలిసి పనిచేసిన ఉపాధ్యాయమిత్రులొకరు ఇరవై యేళ్ళపాటు నేతగాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగి, మగ్గాన్ని అల్లుకొని ఉన్న మాటలను చీటీలమీద వ్రాసుకొన్నారు. పడుగు, పేక, నాడె, అచ్చు వంటి అందరికీ తెలిసిన మాటలు మొదలుకొని, ఏ నిఘంటువులోనూ చోటు దొరకనివాటి దాకా అందులో ఉన్నాయి. 2000వ సంవత్సరం ప్రాంతంలో ఒక డీటీపీ కేంద్రంలో ఆ చీటీలన్నిటినీ పేజ్‌మేకరులో కంపోజు చేయించారు. అచ్చు వేయించే వీలు చిక్కకముందే కాలం చేశారు. చీటీలు చెదల పాలైనాయి. మిగిలింది ఒక సీడీ. ఆయన కుమారుడు దానిని తెచ్చి నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇందులో ఏముందో మీరే చూడాలి" అన్నాడు.

ఆ సీడీలో పేజ్‌మేకరు ఫైళ్ళతోబాటు, అప్పటి తెలుగు ఫాంట్లూ, వాటిని నడిపించే సాఫ్టువేరూ ఉన్నాయి. అది విండోస్ 98 కోసం చేసినది. దాని ఇన్‌స్టాలరు 16 బిట్లది. నేటి 64 బిట్ల విండోసు దానిని గడప కూడా తొక్కనివ్వదు. కాబట్టి విండోస్ 98ను మళ్ళీ బ్రతికించాలి, అంటే మిథ్యాయంత్రం కావాలి. నా ల్యాప్‌టాపు సికింద్రాబాదు పార్క్ లేన్‌లో కొన్న వాడిన సరుకు. చెనాయ్ ట్రేడ్ సెంటరూ దాని చుట్టుపక్కల దుకాణాలూ తెలిసినవారికి ఆ లోకం వివరించనక్కరలేదు. ఏదో ఒక పెద్ద కార్యాలయం మార్చివేసిన యంత్రాలు అక్కడికి 'లాట్లు'గా వస్తాయి. తుడిచి, కొత్త డిస్కు వేసి అమ్ముతారు. యంత్రం బంగారంలా పనిచేస్తున్నది. కాని బయాస్ సెటప్‌లోకి పోబోతే పాస్‌వర్డు అడుగుతుంది. అది పాత కార్యాలయంవారు పెట్టినది. అమ్మినవారికీ తెలియదు. టాస్క్ మేనేజరు తెరిస్తే, ప్రాసెసరు వివరాల క్రింద 'వర్చువలైజేషన్: డిసేబుల్డ్' అని ఒక పంక్తి. శక్తి లోపల ఉన్నది, నేను డబ్బిచ్చి కొన్నాను, దానిమీద ఎవరో తాళం వేసి వెళ్ళిపోయారు.

ఈ తాళం ఎక్కడిది, ఎందుకు పెట్టారు, అది లేని రోజుల్లో ఈ పని ఎలా జరిగేది అని వెదకబోతే, నేను అనుకొన్నదానికంటె పెద్ద చరిత్రే బయటపడింది.

మిథ్యాయంత్రాలు మన ఇళ్ళలోని పీసీల కంటె పాతవి. అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం వారి శాస్త్రకేంద్రం ఉండేది. అక్కడ రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో మొదలైనవారు 1964లో మొదలుపెట్టి 1967 నాటికి సీపీ-40 అనే వ్యవస్థను వాడుకలోకి తెచ్చారు. అప్పుడు కంప్యూటరంటే ఒక గదినిండా ఉండే యంత్రం. అది ఖరీదైనది, ఒకటే ఉంటుంది, పదిమంది కాచుకొని ఉంటారు. వీరు చేసిందేమంటే, సిస్టమ్ 360 మోడల్ 40 యంత్రానికి కొద్దిగా మార్పులు చేసి, ఒక్కొక్కరికీ 'ఈ యంత్రమంతా నాదే' అనిపించే ఒక్కొక్క మిథ్యాయంత్రాన్ని ఇచ్చారు. దాని తరువాత సీపీ-67, ఆపైన 1972లో ప్రకటించిన వీఎం/370. ఆ వంశం నేటికీ ఐబీఎం పెద్దయంత్రాలలో కొనసాగుతూనే ఉన్నది.

ఇక్కడ 'వర్చువల్' మాటకున్న మరో శాఖను గురించి ఒక్క మాట. సికింద్రాబాదు స్టేషనులో టికెట్టు కోసం వరుసలో నిలబడ్డవారందరూ, తెలియకుండానే, ఆ శాఖ నీడలో నిలబడ్డారు. రైల్వేవారు 'కాన్సర్ట్' అనే రిజర్వేషను సాఫ్టువేరును 1994 సెప్టెంబరులో మొట్టమొదట అమలుపెట్టింది సికింద్రాబాదులోనే. మన రైల్వే రిజర్వేషన్లను తొలినాళ్ళనుంచీ మోసింది డెక్ సంస్థ వాక్స్ యంత్రాల వంశం. 1977లో వచ్చిన ఆ వాక్స్ పేరులోని మొదటి అక్షరం 'వర్చువల్'దే. దాని ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్ పేరు కూడా దానితోనే మొదలవుతుంది. అయితే అక్కడ మిథ్య అయినది యంత్రం కాదు, జ్ఞాపకశక్తి. ఉన్న మెమరీ కంటె ఎక్కువ ఉన్నట్లు ప్రోగ్రాములకు చూపించడం. మొత్తం యంత్రాన్నే మిథ్య చేయడం దానికి అన్నగారు.

ఒక యంత్రం ఈ విద్యకు తగునా తగదా అని తేల్చే లక్షణగ్రంథం 1974లో వచ్చింది. జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు వ్రాసిన చిన్న వ్యాసం అది. వారు చెప్పిన మొదటి నియమం చదివినప్పుడు నాకు వ్యాకరణం తరగతి గుర్తుకు వచ్చింది. మిథ్యాయంత్రంలో నడిచే ప్రోగ్రాము, అసలు యంత్రంలో ఎలా నడుస్తుందో అలాగే నడవాలట. మన శాస్త్రంలో దీనిని స్థానివద్భావం అంటారు. ఒక వర్ణం పోయి దాని స్థానంలో మరొకటి ఆదేశంగా వస్తే, ఆ ఆదేశాన్ని పోయినదానివలెనే భావించి కార్యాలు చేయడం. పాణిని ఆ నియమం చెబుతూనే దానికొక మినహాయింపు కూడా చెప్పాడు. అసలు వర్ణం మీదనే ఆధారపడే కార్యాలలో ఈ భావన చెల్లదని. కంప్యూటరు శాస్త్రజ్ఞులకు కూడా సరిగ్గా ఆ మినహాయింపు దగ్గరే కాలు తగిలింది.

అది ఎలాగో చెప్పాలి. ప్రాసెసరుకు ఇచ్చే ఆజ్ఞలలో కొన్ని రాజాజ్ఞలవంటివి. యజమాని అయిన ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే చేయవచ్చు. మామూలు ప్రోగ్రాము వాటిని పలికితే ప్రాసెసరు ఆగి, "వీడు ఇలా అంటున్నాడు" అని యజమానికి ఫిర్యాదు చేస్తుంది. మిథ్యాయంత్రం బ్రతుకంతా ఈ ఫిర్యాదు మీదనే. లోపలి విండోసు తానే రాజుననుకొని ఒక ఆజ్ఞ ఇస్తుంది. ప్రాసెసరు ఫిర్యాదు చేస్తుంది. బయటి వ్యవస్థ దానిని పట్టుకొని, "సరే, అయింది" అని నటిస్తుంది. యంత్రపు అసలు స్థితిని తాకే ప్రతి ఆజ్ఞా ఇలా ఫిర్యాదు పుట్టించేదిగా ఉండాలన్నది పోపెక్, గోల్డ్‌బర్గ్‌ల సిద్ధాంతసారం. ఇంటెల్ వంశపు ప్రాసెసర్లలో అలా లేదు. 2000లో జాన్ స్కాట్ రాబిన్, సింథియా అర్విన్ అనేవారు పెంటియం ఆజ్ఞలన్నిటినీ పరీక్షించి, 17 ఆజ్ఞలు ఈ లక్షణానికి లొంగవని తేల్చారు. వాటిలో పాప్‌ఎఫ్ అనేది ఒకటి. అధికారం లేనివాడు దానితో అంతరాయాల మీట మార్చబోతే, ప్రాసెసరు ఫిర్యాదు చేయదు, మార్చనూ మార్చదు, ఏమీ జరగనట్లు ముందుకు పోతుంది. వెనుకబెంచీ విద్యార్థి హాజరు పలికినట్లే పలికి పాఠం వినకపోవడం వంటిది. పట్టుకోవడం కష్టం.

ఇంటెల్‌వారికి ఈ ఆలోచన అసలు లేదని కాదు. 1985లో వచ్చిన 80386లో, పాత 8086ను అనుకరించే ప్రత్యేకస్థితి ఉన్నది. విండోస్ 3 కాలంలో ఒకే తెరమీద రెండు మూడు డాస్ కిటికీలు తెరిచినవారు దానిని అనుభవించినవారే. ప్రాసెసరు 64 బిట్ల స్థితిలో ఉన్నప్పుడు ఆ సదుపాయం పనిచేయదు. నా సీడీలోని ఇన్‌స్టాలరును నేటి విండోసు గడప తొక్కనివ్వకపోవడం వెనుక ఈ కథ కూడా ఉన్నది.

1998లో స్థాపించిన వీఎంవేర్ సంస్థవారు ఆ 17 మొండి ఆజ్ఞలను సాఫ్టువేరుతోనే దాటారు. మెండెల్ రోజెన్‌బ్లమ్, డయాన్ గ్రీన్, వారి సహచరులు 1999లో విడుదల చేసిన వర్క్‌స్టేషన్, లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ కోడును నడిపే ముందు చదివి, పేచీ పెట్టే చోట్లను అప్పటికప్పుడు వేరే కోడుగా మార్చివేసేది. అంటే అనువాదం. ఒక సభలో వక్త మాట్లాడుతూ ఉంటే, ప్రక్కన నిలబడి నోరుజారిన మాటలను మాత్రం సరిచేసి చెప్పే దుబాసీ వంటివాడు. 2003లో ఫ్రాన్సుకు చెందిన ఫాబ్రీస్ బెలార్ విడుదల చేసిన కెమూ ఇంకా ముందుకు పోయింది. అది కొన్ని మాటలను కాదు, ఉపన్యాసం మొత్తాన్ని అనువదిస్తుంది. అందుకే అది ఏ ప్రాసెసరు మీదనైనా ఏ ప్రాసెసరునైనా అనుకరించగలదు. అందుకే నెమ్మది కూడా. ఈ రెండింటికీ ప్రాసెసరు ప్రత్యేక సహాయం అక్కరలేదు, బయాస్‌లో ఏ మీటా తిప్పనక్కరలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అక్కడికే రావాలి.

ప్రాసెసరు సహాయం తరువాత వచ్చింది. 2005 నవంబరులో ఇంటెల్ పెంటియం 4లోని రెండు నమూనాలతో, 2006 మే నెలలో ఏఎండీ అథ్లాన్‌లతో దానిని ప్రవేశపెట్టారు. ఇకమీద లోపలి వ్యవస్థకు నిజంగానే ఒక సింహాసనం ఇస్తారు. అది రాజుగానే మెలగవచ్చు. కాని దానికంటె పైన చక్రవర్తి ఒకడుంటాడు. (మా సికింద్రాబాదువారికి ఇది కొత్త కాదు. 1798 ఒప్పందం తరువాత నిజాం రాజ్యంలో అతిథిగా దిగిన దండు, 1806లో సికిందర్ జా పేరిట ఊరే కట్టుకొని, తన చట్టం తానే నడుపుకొన్నది. అక్కడ ఎవరు అతిథి, ఎవరు ఆతిథేయి అన్నది వేరే టపాకు తగిన విషయం.) విచిత్రమేమంటే, 2006లో వీఎంవేర్‌కు చెందిన కీత్ ఆడమ్స్, ఓలే ఆగెసన్ కొలతలు వేసి చూస్తే, ఆ తొలినాటి ప్రాసెసరు సహాయం కంటె తమ పాత అనువాదపద్ధతే చాలా పనులలో వేగంగా ఉన్నది. ప్రాసెసరు పద్ధతి బలపడింది తరువాత రెండు మూడేళ్ళకు, మెమరీ లెక్కలను కూడా ప్రాసెసరే చూసుకోవడం మొదలైనప్పుడు.

ఇప్పుడు తాళం సంగతి. ఇంటెల్ ప్రాసెసరులో చిన్న చిన్న గూళ్ళవంటి రిజిస్టర్లు ఉంటాయి. పదహారు మూలంగా లెక్కించే పద్ధతిలో 3ఏ అనే సంఖ్య గల గూటిలో ఈ శక్తి మీట ఉన్నది. అందులో మనకు కావలసిన బిట్లు రెండు. మొదటిది తాళం. మూడవది శక్తి. కంప్యూటరు వెలిగించగానే ఈ గూడు ఖాళీగా, తెరిచి ఉంటుంది. విండోసో లైనక్సో కళ్ళు తెరవకముందే బయాస్ వచ్చి, సెటప్‌లో మనం చెప్పినదానిని బట్టి శక్తిబిట్టును పెడుతుంది లేదా మానుతుంది. ఆపైన తాళంబిట్టు వేసి పోతుంది. ఒకసారి తాళం పడితే యంత్రాన్ని ఆర్పి వెలిగించేదాకా ఎవరూ ఆ గూటిలో వ్రాయలేరు. ఆర్పి వెలిగిస్తే మళ్ళీ అందరికంటె ముందు వచ్చేది బయాసే. గర్భగుడి తాళం అర్చకుడి దగ్గరే ఉన్నట్లు.

ఈ ఏర్పాటు నాకు మొదట దౌర్జన్యమనిపించింది. చదివిన తరువాత సగం ఒప్పుకొన్నాను. 2006లో జొవానా రుట్‌కోవ్‌స్కా అనే పోలండు పరిశోధకురాలు 'బ్లూ పిల్' అనే ప్రదర్శన చేసింది. నడుస్తున్న విండోసు క్రిందకు, ఏఎండీ వారి కొత్త శక్తి సాయంతో, ఒక దొంగ చక్రవర్తి దూరి, విండోసునే తనకు తెలియకుండా మిథ్యాలోకంలో పెట్టగలడని ఆమె చూపింది. అంతకు రెండేళ్ళ ముందు ఆమెయే 'రెడ్ పిల్' అని మరొకటి వ్రాసింది. ఆ 17 మొండి ఆజ్ఞలలో ఒకదానిని వాడి, నేనున్నది నిజయంత్రమా మిథ్యాయంత్రమా అని తేల్చుకొనే ఉపాయం. అంటే పాణిని చెప్పిన మినహాయింపును పట్టుకొని ఆదేశాన్ని బయటపెట్టడం. అటువంటి భయం ఉన్నప్పుడు, వాడనివారి యంత్రంలో తలుపు మూసి ఉంచడం న్యాయమే. కాని తలుపు మూయడం వేరు, తాళంచెవి ఇవ్వకపోవడం వేరు. అప్పట్లో కొందరు తయారీదారులు సెటప్‌లో ఆ మీటే కనిపించకుండా చేశారు. సోనీ వాయో ల్యాప్‌టాపులు ఇందుకు పేరుపడ్డాయి. 2009లో విండోస్ 7తోబాటు ఎక్స్‌పీ మోడ్ అనే సదుపాయం వచ్చి, దానికి ఈ శక్తి తప్పనిసరి అయ్యేసరికి, కొన్నవారు గోల పెట్టారు. 2010 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఆ నిబంధననే ఎత్తివేసింది.

ఈ బాధ మనకు పరిచయమైనదే. ఎక్స్‌పీ రోజుల్లో నెట్ సెంటరుకు పోయి తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు కనిపించేవి, జ్ఞాపకమున్నదా? గౌతమి ఫాంటు, అక్షరాలను కూర్చే యంత్రాంగం ఎక్స్‌పీతోనే వచ్చాయి. కాని కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేయాలి. సీడీ యజమాని దగ్గర, టిక్కు పెట్టే అధికారం యజమానిది, గంటకు ఇంత అని డబ్బు మనది.

సరే, బయాస్‌లోకి పోలేనివాడు ఏం చేయాలి? ముందుగా ఆ 3ఏ గూటిలో ఏమున్నదో చదవాలి. లైనక్సులో దానికి ఒక చిన్న సాధనం ఉన్నది. అంకె 5 వస్తే తాళమూ శక్తీ రెండూ ఉన్నాయి, బెంగ లేదు. 0 వస్తే బయాస్ బద్ధకించి తాళం వేయలేదని అర్థం. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమే శక్తిని మేల్కొలుపుకోవచ్చు. 2020లో వచ్చిన 5.6 నుంచి లైనక్సు కెర్నెల్ ఆ పని తనంతట తానే చేస్తుంది. 1 వస్తే శక్తి లేకుండా తాళం పడింది. నా యంత్రంలో వచ్చింది 1.

1 వచ్చినవారికి విండోసు లోపలినుంచి ఈ తాళం తీసే మంత్రం లేదు. ఏదో చిన్న ప్రోగ్రాము దించుకొంటే తెరుచుకొంటుందని చెప్పేవారిని నమ్మకండి. పెద్ద కంపెనీలు తమ యంత్రాల బయాస్ అమరికలను విండోసునుంచి మార్చే సాధనాలను ఇస్తాయి, నిజమే. కాని సెటప్‌కు పాస్‌వర్డు ఉంటే ఆ సాధనాలు కూడా అదే అడుగుతాయి. సెటప్ అమరికలు దాచుకొనే స్మృతిలో నేరుగా ఒక విలువను మార్చి గెలిచినవారు వాయో కాలంలో ఉన్నారు. తప్పు చోట వ్రాసి యంత్రాన్ని ఇటుకరాయి చేసుకొన్నవారూ ఉన్నారు. కొత్త యంత్రాలు ఆ స్మృతికి కూడా తాళం వేస్తున్నాయి. పాత డెస్క్‌టాపులలో బోర్డుమీది గుండీ బ్యాటరీ తీసి పెడితే పాస్‌వర్డు మరచిపోయేవి. కార్యాలయాల ల్యాప్‌టాపులలో అది కరెంటు పోయినా చెరగని చిప్పులో ఉంటుంది. ఆ చిప్పును తిరగవ్రాసే నిపుణులు ఉన్నారు. వారు అడిగిన సొమ్ము నేను ల్యాప్‌టాపుకిచ్చిన వెలలో సగం. యంత్రం మీది కాక ఆఫీసుదో కళాశాలదో అయితే ఇవేవీ తలపెట్టవద్దు. తాళం వేసినవారినే అడగండి.

అప్పుడు వెనక్కు చూశాను. నాకు కావలసింది విండోస్ 98. అది 1998లో అడిగిన కనీస యంత్రం 66 మెగాహెర్ట్‌జుల 486, మెమరీ 16 మెగాబైట్లు. ప్రాసెసరు సహాయం పుట్టకముందే పుట్టిన వ్యవస్థకు ఆ సహాయం లేకపోతే ఏం? 64 బిట్ల అతిథి తగిన వేగంతో నడవాలంటే ఆ శక్తి కావాలి. 32 బిట్ల పాత అతిథికి దుబాసీ చాలు. వర్చువల్‌బాక్స్‌వారు కూడా ఒకప్పుడు ఈ దుబాసీ పద్ధతిని ఇచ్చేవారు. 2019 డిసెంబరులో వచ్చిన 6.1తో దానిని తీసివేశారు. అందరి ప్రాసెసర్లలోనూ శక్తి ఉన్నది గదా అని. ప్రాసెసరులో ఉండడం వేరు, మన చేతిలో ఉండడం వేరు అని వారికి ఎవరు చెప్పాలి? కెమూ మాత్రం తన అనువాదాన్ని నేటికీ వదలలేదు.

కెమూలో విండోస్ 98 లేచింది. నెమ్మదిగానే. కాని ఆ నెమ్మది నాకు అలవాటైనదే. 1999లో డీటీపీ కేంద్రంలో బల్లమీద కూర్చొని, పుట తెరమీద మెల్లగా పరచుకోవడం చూసిన నెమ్మది అది. ఫాంట్ల సాఫ్టువేరు ఎక్కింది. పేజ్‌మేకరు ఎక్కింది. మొదటి ఫైలు తెరవగానే 'అ'కారాది క్రమంలో మొదటి ఆరోపం కనిపించింది. దాని ప్రక్కన, మా మిత్రుల అలవాటు ప్రకారం, ఆ మాట ఏ ఊళ్ళో విన్నారో కుండలీకరణాలలో ఉన్నది.

తరువాతి పని, ఆ పాఠాన్ని యూనికోడులోకి తేవడం. ఆ ఫాంట్లలో ఉన్నవి అక్షరాలు కావు, ఆకారాలు. తలకట్టు ఒక గుర్తు, కొమ్ము ఒక గుర్తు. క్రావడి ఎడమనుంచి చుట్టుకొని వస్తుంది కనుక కొన్ని ఫాంట్లలో దాని గుర్తు అక్షరానికి ముందే పడుతుంది. వెన్న నాగార్జునగారు పద్మ అనే పరికరంతో పత్రికల ఫాంట్లను యూనికోడులోకి మార్చి చూపిన రోజులు మీకు గుర్తే. నా ఫాంటుకు పట్టిక నేనే కట్టుకోవలసి వచ్చింది. మిథ్యాయంత్రంలో పుటను చూస్తూ, ఇటు గుర్తును చూస్తూ, రెండు నెలలు. మూల యంత్రం తెరమీద లేకపోతే ఈ పట్టిక కట్టడం సాధ్యమయ్యేది కాదు. ఏ గుర్తు ఏ ఒత్తో చెప్పే సాక్షి అదొక్కటే. ఇప్పటికి 'త'కారం దాకా వచ్చాను.

ఆ సంచిలోనే మరొక వస్తువు దొరికింది. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ. మీద 'జిస్ట్' అని వ్రాసి ఉన్నది. 1980లలో కాన్పూరు ఐఐటీలో పుట్టి, తరువాత సీడాక్‌వారి చేతికి వచ్చిన భారతీయభాషల కార్డు పేరు అది. ఆ కార్డు కంప్యూటరు లోపల బిగించేది. దానిని అనుకరించే మిథ్యాయంత్రం ఏదీ నాకు కనబడలేదు. అయితే ఇక్కడ అంత దిగులు లేదు. జిస్ట్‌వారు ఆకారాలను కాక అక్షరాలను భద్రపరచే ఇస్కీ సంకేతాలను వాడారు. 1991లో అది భారతీయ ప్రమాణమైనది. యూనికోడులోని తెలుగు విభాగానికి మూలం దాని 1988 నాటి రూపమే. ఫ్లాపీలోని ఫైలు చేతికి వస్తే, ఏ పాత యంత్రమూ లేకుండానే చదువుకోవచ్చు. కావలసింది ఐదుంపావు అంగుళాల డ్రైవు, అదీ పనిచేసేది. జంటనగరాలలో ఎవరి అటకమీదనైనా ఉంటే ఒక మాట వ్రాయండి. నేనే వచ్చి చదివించుకొని పోతాను.